ఫొటో నుంచి ఎడిటర్ థీమ్: రంగులు ఒకేలా రాకుండా చేసిన పద్ధతి

ఫొటోలోంచి కే-మీన్స్‌తో (దగ్గరి రంగుల్ని గుంపులుగా, అంటే క్లస్టర్లుగా చేసే పద్ధతి) 8 రంగులు తీసి, కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌కి థీమ్ చేస్తే, సగం రంగులు ఒకే గోధుమ ఛాయలో వచ్చాయి. కీవర్డ్‌కీ ఫంక్షన్ పేరుకీ తేడా తెలియదు. క్లస్టర్లు పెంచడం, సీడ్ (లెక్క మొదలయ్యే యాదృచ్ఛిక సంఖ్య) మార్చడం, హెచ్‌ఎస్‌ఎల్‌లో (రంగుని చక్రం మీద డిగ్రీల్లో చెప్పే పద్ధతి) చేయడం, ఏదీ పనిచేయలేదు. (హెచ్‌ఎస్‌ఎల్‌లో 359, 1 డిగ్రీలు రెండూ ఎరుపే; సగటు మాత్రం 180, అంటే సయాన్!)

పనిచేసింది ఇది. ముందు పిక్సెళ్లన్నీ ఓకేల్యాబ్‌లోకి మార్చాను. ఇది కంటికి కనిపించే తేడాకు దగ్గరగా రంగుల్ని కొలిచే పద్ధతి; ఇందులో ఎల్ అంటే వెలుగు, ఏ, బీ అంటే రంగు. క్రోమా (రంగు గాఢత) 0.04 కంటే తక్కువున్నవి, అంటే దాదాపు బూడిద రంగువి, తీసేశాను. తర్వాత ఎల్ వదిలేసి, ఏ, బీ విలువల మీదే కే-మీన్స్ నడిపాను. అసలు కీలకం ఇక్కడే. ఎల్ ఉంటే ఒకే గోడ ఎండలో ఒక క్లస్టర్, నీడలో ఇంకో క్లస్టర్ అయిపోతుంది.

ఆ తర్వాత ప్రతి రంగుకీ ఎల్ 0.75 పెట్టాను. ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెర చూపగల రంగుల పరిధి) దాటితే క్రోమా తగ్గించాను. అన్నిటికంటే తక్కువ క్రోమా ఉన్నది కామెంట్లకు ఇచ్చి, ముదురు బ్యాక్‌గ్రౌండ్‌తో కాంట్రాస్ట్ 4.5:1 కంటే పడిపోకుండా దాని ఎల్ దించాను.

మిగిలిన 7 రంగుల్ని 7 టోకెన్లకు (కీవర్డ్, ఫంక్షన్ పేరు లాంటి కోడ్ ముక్కలు) పంచే పద్ధతులు 5,040 మాత్రమే. అందుకే అన్నీ లెక్కకట్టించి, కోడ్‌లో తరచూ పక్కపక్కన వచ్చే టోకెన్ల రంగులు ఎక్కువ దూరంగా ఉన్నదాన్ని తీసుకున్నాను. చదవడానికి ఎంత హాయిగా ఉందో!

సముద్రం, అడవి లాంటి ఒకే రంగు ఫొటోలకు ఇది సరిపోదు, అక్కడ రెండు మూడు రంగులు చేత్తో కలపాల్సిందే. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నేనింకా పరీక్షించలేదు.