రివ్యూ మీటింగ్‌లో మాట్లాడే ముందు

మార్చి నెలాఖరు రివ్యూలు దగ్గరపడ్డాయి. పై అధికారుల ముందు మొదటిసారి మాట్లాడేవాళ్లు ఇవి చూసుకోండి.

- మొత్తం బట్టీ పట్టకండి. ఒక్క మాట మరిచిపోతే మిగతాదంతా ఆగిపోతుంది. మొదటి రెండు వాక్యాలు మాత్రం నోటికి రావాలి, టెన్షన్ ఎక్కువగా ఉండేది అప్పుడే.
- ఇంట్లో నిలబడి, పైకి, ఫోన్‌లో టైమ్ పెట్టుకుని చెప్పి చూడండి. మనసులో చదువుకుంటే ఎక్కడ తడబడతామో తెలియదు.
- అంకెలు చిన్న అట్టముక్క మీద రాసుకోండి. పల్చటి కాగితమైతే చెయ్యి వణకడం అందరికీ కనిపిస్తుంది.
- రెండో కాఫీ వద్దు. గుండెదడ పెరుగుతుంది.
- "నాకు కాస్త భయం" అంటూ మొదలుపెట్టొద్దు. అప్పటిదాకా ఎవరూ గమనించి ఉండరు.

పెట్టుబడులతో ప్రపంచ కుబేరుల్లో ఒకడైన వారెన్ బఫెట్ అంతటివాడు కూడా కుర్రతనంలో ఈ భయం పోగొట్టుకోడానికే 100 డాలర్లు కట్టి కోర్సులో చేరాడు.