జ్ఞాపకాల బొంత – 4వ పాఠం: సాగిపోయిన ముక్కలు

ఈ పాఠంలో పాత టీషర్టుల నుంచి కోసిన గడులు, అంటే బొంతలోని చతురస్రపు ముక్కలు, కలిపి కుట్టడం మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠం తర్వాత మీలో చాలామంది చేతిలో సరైన గడులు లేవు. చతురస్రంగా కోసిన టీషర్టు ముక్క మర్నాటికి ఒక మూల సాగి, అంచులు చుట్టుకుపోయి, పక్క ముక్కతో కొలత కలవకుండా తయారైంది. పొరపాటు నాదే. ఫ్యూజింగ్ (వేడికి జిగురు కరిగి గుడ్డ వెనక అంటుకునే పలుచటి పొర) అంటించాకే కొలతకు కోయాలన్న మాట ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకు వెళ్లిపోయాను. పిల్లాడు మొదటిసారి సముద్రం చూసిన రోజు వేసుకున్న షర్టు ఇంకొకటి దొరకదు. అందుకే ముందు ఆ ముక్కల సంగతి చూద్దాం.

టీషర్టు గుడ్డ నేసినది కాదు, అల్లినది. నేత గుడ్డలో పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. అల్లిక గుడ్డకు ఆ పట్టు ఉండదు, పొడవు కంటే అడ్డంగా ఎక్కువ సాగుతుంది. దాన్ని కొలతకు నిలబెట్టేది వెనక అంటించే ఫ్యూజింగే. ఫ్యూజింగ్‌ను కూడా చేత్తో రెండు వైపులా లాగి చూడండి. ఏ వైపు సాగదో, ఆ వైపు షర్టు అడ్డానికి రావాలి.

వరస ఇదీ. బొమ్మ మధ్యలో ఉండేలా 15 అంగుళాల ముక్క ఉజ్జాయింపుగా కోయండి. 14 అంగుళాల ఫ్యూజింగ్ తీసుకోండి. అది షర్టు ముక్క కంటే చిన్నగా ఉంటే జిగురు ఇస్త్రీ బల్లకు అంటదు. అంటించి, పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడు 12½ అంగుళాలకు కోయండి. నాలుగు వైపులా పావు అంగుళం మార్జిన్ కుట్టులోకి పోతే గడి 12 అంగుళాలకు వస్తుంది.

ఇప్పుడు అసలు సమస్య, ఇస్త్రీ పెట్టె. దాన్ని నెట్టకండి. బట్టలు ఇస్త్రీ చేసిన అలవాటుతో చెయ్యి దానంతట అదే ముందుకూ వెనక్కూ పోతుంది, దాన్ని ఆపాలి. పెట్టెను గుడ్డ మీద పెట్టండి, 10 నుంచి 15 సెకన్లు నొక్కి ఉంచండి (ఫ్యూజింగ్‌తో వచ్చిన సూచనల్లో వేరే లెక్క ఉంటే అదే పాటించండి), పైకి ఎత్తండి, పక్కన పెట్టండి. జరపడం అంటూ ఉండకూడదు, ఎత్తి పెట్టడమే. వేడిలో జిగురు కరిగి ఉండగా పెట్టెను నెడితే గుడ్డ సాగుతుంది, చల్లారాక ఆ సాగిన ఆకారమే గట్టిపడిపోతుంది. పడవ బొమ్మ ఒరిగిపోతుంది. ఊరి పేరులో అక్షరాలు ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర ఇరుకుగా కనిపిస్తాయి. చారల షర్టయితే మరీ ఘోరం, ప్రతి చారా వంకర పోతుంది. “కొంచెమే నెట్టాను” అంటారు. ఆ కొంచెమే మూలలో పావు అంగుళం. ఒకసారి అంటుకున్న ఫ్యూజింగ్‌ను మళ్లీ ఊడదీస్తే జిగురు మచ్చలు మిగులుతాయి, అల్లిక దెబ్బతింటుంది. అచ్చు బొమ్మ ఉన్న వైపు నుంచి నేరుగా ఇస్త్రీ పెట్టకండి. నా మొదటి బొంతలో అలాగే ఒక సరస్సు పేరు సగం కరిగి పెట్టెకు అంటుకుంది. ముక్కను బోర్లా వేసి, వెనక నుంచే నొక్కండి.

ఇప్పటికే సాగిపోయిన ముక్కను బోర్లా పరిచి, ఇస్త్రీ పెట్టె తగలకుండా పైనుంచి ఆవిరి పట్టండి, వేళ్లతో లోపలికి సర్దండి. అల్లిక కొంత వెనక్కి ముడుచుకుంటుంది. తర్వాత ఫ్యూజింగ్ అంటించి 10½ అంగుళాలకు చిన్నది చేయండి. చుట్టూ 1½ అంగుళాల వెడల్పు నేత గుడ్డ పట్టీలు కుట్టండి, రెండు 10½ పొడవువి, రెండు 12½ పొడవువి. గడి మళ్లీ 12½ అయిపోతుంది. నిజం చెప్పాలంటే పట్టీ ఉన్న గడులే నాకు ఎక్కువ ఇష్టం. ఫొటోకు ఫ్రేమ్ కట్టినట్టు ఉంటాయి, అల్లిక అంచు పక్క గడిని లాగదు.

అక్షరాలు అంచు దాకా వచ్చేసిన ముక్కను మాత్రం ఇంకా కోయకండి. ఫ్యూజింగ్ వేసి, 12½ అంగుళాల నేత గుడ్డ మధ్యలో పెట్టి, చుట్టూ జిగ్‌జాగ్ కుట్టు వేయండి. ఒక్క అక్షరం కూడా పోదు.

ఇక కలిపి కుట్టడం. దారం ఎక్కించడం, మిషన్ సర్దుకోవడం మీకు తెలిసినవే. టీషర్టుకు మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది వాడండి. దారం నేను లేత బూడిద రంగు ఒక్కటే వాడతాను, అన్ని రంగుల్లోనూ కలిసిపోతుంది. పిన్నుల బదులు క్లిప్పులు పెడతాను. కుట్టాక మార్జిన్‌ను ఒకే వైపు మడిచేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ బొంతకు రెండు వైపులా విప్పి నొక్కడమే నయం, లేకపోతే ఫ్యూజింగ్ పొరలన్నీ ఒకచోట చేరి గట్టుగా తేలతాయి.

మార్జిన్ పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు. మిషన్ పాదం అంచును నమ్ముకోకండి, చాలా మిషన్లలో అది సూదికి సరిగ్గా పావు అంగుళం దూరంలో ఉండదు. స్కేలుతో కొలిచి మిషన్ పలక మీద టేపు అంటించండి. ఒక్కో గుడ్డ 2 మిల్లీమీటర్లు ఎక్కువ లోపలికి పోతే, ఒక్కో అతుకు దగ్గర 4 పోయినట్టు. అయిదు గడుల వరుసలో నాలుగు అతుకులు, మొత్తం 16 మిల్లీమీటర్లు తక్కువ. పక్క వరుస సరిగ్గా ఉంటే రెండూ కలవవు.

కాబట్టి ఈ వారం సాధన: పాత నేత గుడ్డలోంచి 1½ అంగుళాల పట్టీలు మూడు కోసి పక్కపక్కన కుట్టి, నొక్కి, కొలవండి. నడిమి పట్టీ సరిగ్గా 1 అంగుళం, మొత్తం వెడల్పు 3½ రావాలి. రాకపోతే టేపు జరిపి మళ్లీ కుట్టండి. వరుసగా మూడుసార్లు సరిగ్గా వచ్చేదాకా గడుల జోలికి వెళ్లకండి.

ఇంకొకటి మరిచాను. గడులను వరుసగా పేర్చే ముందు ఒక్కో దాని వెనక చీటీ గుచ్చండి: ఎవరి బట్ట, ఏ సెలవుల్లో వేసుకున్నారు, ఏ సంవత్సరం. గుర్తు లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, పిల్లలనూ అడగండి. ఒక్కొక్కరికి ఒక్కో సంగతి గుర్తుంటుంది, రెండూ రాయండి. వచ్చే పాఠంలో దూది పొర వేస్తాం, వెనక గుడ్డ ఉతికి ఆరబెట్టి ఉంచండి. అది బొంత కంటే నాలుగు వైపులా 4 అంగుళాలు పెద్దగా ఉండాలి.