'స్వీట్ బై అండ్ బై': క్వాయర్‌కి నేర్పేటప్పుడు చూసుకోవాల్సినవి

పరలోకం గురించిన పాట అనగానే మన సంఘాల్లో లాగి లాగి పాడతారు. 'ఇన్ ద స్వీట్ బై అండ్ బై' ముందు పాడయ్యేది అక్కడే. నిజానికి అది దిగులు పోగొట్టడానికి పుట్టిన పాట. 1868లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, ఎల్క్‌హార్న్ ఊళ్లో శాన్‌ఫోర్డ్ ఫిల్‌మోర్ బెన్నెట్‌కి మందుల షాపు ఉండేది. ఒకరోజు వయొలిన్ వాయించే జోసెఫ్ వెబ్‌స్టర్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఏమైందంటే, ఏం లేదు, పోను పోను అదే సర్దుకుంటుందిలే అన్నాడు. ఆ 'పోను పోను'కే ఇంగ్లిష్‌లో 'బై అండ్ బై' అని మాట. బెన్నెట్ దాన్ని పట్టుకుని అక్కడికక్కడే మూడు చరణాలు, కోరస్ రాసిచ్చాడు. వెబ్‌స్టర్ వయొలిన్ తీసి వరస కట్టాడు. అరగంట తిరక్కుండానే నలుగురు కలిసి పాడేశారని బెన్నెట్ తర్వాత రాసుకున్నాడు.

అంచేత మెట్రోనోమ్ (తాళం వేగం చెప్పే యంత్రం) నిమిషానికి 84 దెబ్బల దగ్గర పెట్టండి. భూస్థాపన కూడికలో అయినా 72 కన్నా కిందికి దిగొద్దు. తాళం 4/4. పదాల ఊపు చూసి రిథమ్ ప్యాడ్‌లో మూడు దెబ్బల వాల్ట్జ్ నొక్కేస్తుంటారు, రెండో లైనుకే క్వాయర్ ఒకవైపు, ప్యాడ్ ఒకవైపు అయిపోతాయి. ప్యాడ్ లేకుండా చేత్తో నాలుగు దెబ్బలు వేస్తూ నేర్పడమే మేలు.

పుస్తకాల్లో మామూలుగా జీ మేజర్‌లో, అంటే 5 శ్రుతిలో ఉంటుంది. చరణం కింది పంచమం నుంచి ఎత్తుకుంటుంది, కోరస్ మాత్రం ఇంకా పైకి వెళ్తుంది. పొద్దున్నే గొంతు తెరుచుకోని సంఘంతో పాడించాలంటే 4 శ్రుతికి దించండి. కీబోర్డ్ వాళ్లు ట్రాన్స్‌పోజ్ మైనస్ 2 పెట్టి జీ వేళ్లే వాడుకోవచ్చు. గిటార్‌కి మూడో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) బిగించి డీ షేపులు పట్టుకుంటే సరి. జీ మేజర్‌లో కార్డ్స్ మూడే: జీ, సీ, డీ7. పొరపాటు జరిగేది కోరస్ మొదటి సగం చివర. అక్కడ డీ7 మీదే ఆగాలి. చాలామంది అలవాటుకొద్దీ జీకి వచ్చేస్తారు, పాట అక్కడితో అయిపోయినట్టు వినిపిస్తుంది.

ముందు కోరస్ నేర్పండి, చరణాలు తర్వాత. కోరస్‌లో ప్రధాన వరస నిలబెట్టిన చోట మగవాళ్లు 'బై అండ్ బై' అని బదులు పలకాలి. పాటకు అందమంతా ఆ బదుల్లోనే ఉంది, గొడవంతా కూడా అందులోనే. పన్నెండు మంది ఉంటే నలుగురు సోప్రానో (ఆడవాళ్ల పై గొంతు), ముగ్గురు ఆల్టో (ఆడవాళ్ల కింది గొంతు), ఇద్దరు టెనార్ (మగవాళ్ల పై గొంతు), ముగ్గురు బేస్ (మగవాళ్ల కింది గొంతు) సరిపోతారు. బేస్ వాళ్లు తమ వంతు రాగానే గట్టిగా అందుకుంటారు, వరస మునిగిపోతుంది. బదులు ఎప్పుడూ వరస కన్నా ఒక మెట్టు తక్కువ బిగ్గరగా ఉండాలి. ఆ మగవాళ్లను వెనక వరసలో నిలబెడితే సగం పని దానంతటదే అయిపోతుంది.

కోరస్‌లోని 'బ్యూటిఫుల్ షోర్' (అందమైన తీరం) లాంటి మాటల్ని ఇంగ్లిష్‌లో పాడేటప్పుడు మన నాలుక చివర ఒక ఉకారం చేరుస్తుంది: 'షోరు', 'బ్యూటిఫుల్లు'. 'షో' దగ్గర నోరు గుండ్రంగా తెరిచి ఓకారాన్నే నిలబెట్టమనండి. 'ర'ని అసలు పలక్కపోయినా నష్టం లేదు.

తెలుగులో రాసుకుని పాడాలనుకుంటే ఓపిక కావాలి. చరణంలో లైనుకి తొమ్మిది అక్షరాలు. లెక్క ఒక్కటే సరిపోదు. రెండు తేలికవి దెబ్బకి ముందు వచ్చి, మూడోది దెబ్బ మీద పడాలి. ఛందస్సు తెలిసినవాళ్లకు ఒక్కముక్కలో చెప్పాలంటే మూడు స గణాలు (లఘువు, లఘువు, గురువు). 'దేవుని పట్టణ మార్గము' చూడండి. తొమ్మిదీ సరిపోయాయి, కానీ అన్నీ భ గణాలు (గురువు, లఘువు, లఘువు). 'దే' తేలిక చోట ఇరుక్కుంటుంది, చివరి 'ము'ని సాగదీస్తే 'మూ...' అని ఆవు అరిచినట్టుంటుంది. అదే 'పగలే మసకౌ పురమే' అంటే 'లే', 'కౌ', 'మే' మూడూ దెబ్బ మీద కూర్చుంటాయి, చివరి ఏకారం ఎంతసేపైనా నిలుస్తుంది. 'బై అండ్ బై'ని 'దగ్గర దగ్గరగా' అని మార్చిన తర్జుమా ఎవరైనా ఇస్తే తీసుకోకండి, దాని అర్థం 'పోను పోను' కదా.

పాటకి హక్కుల ఇబ్బంది లేదు. వెబ్‌స్టర్ 1875లో, బెన్నెట్ 1898లో పోయారు. అయితే యూట్యూబ్‌లో దొరికే ట్రాక్ మీద పాడి పెడితే ఆ ట్రాక్ చేసినవాళ్లు అభ్యంతరం పెట్టొచ్చు. కొత్తగా వాయించుకోండి.

ఇక విశాఖలో పాడేవాళ్ల సంగతి. సముద్రపు గాలికి హార్మోనియం ఇత్తడి రీడ్లకు చిలుము పడుతుంది. ఒక్క స్వరం అపశ్రుతి పలికినా క్వాయర్ మొత్తం దాని వెంట పోతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, గిటార్ తీగల్ని వాయించాక పొడి గుడ్డతో తుడవండి. ఈస్టర్ తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో పాడాలనుకుంటే, గాలి క్వాయర్ వీపు వైపు నుంచి వీచేలా నిలబెట్టండి. ఎదురుగాలిలో ఆల్టో మూడో వరసకి కూడా చేరదు. గోడలు ఉండవు కాబట్టి పాడేవాళ్లకు తమ గొంతే వినపడదు, అలాంటప్పుడు తెలియకుండానే అరుస్తారు, శ్రుతి పెరిగిపోతుంది. అర్ధచంద్రాకారంగా దగ్గర దగ్గరగా నిలబెట్టి, కీబోర్డ్ స్పీకర్‌ని వాళ్ల వైపు తిప్పండి. కాగితాలకు క్లిప్పులు మరవొద్దు.