మీ కుందేలు దినచర్యను పట్టుకోవడం ఎలా?

పగలంతా పడుకునే ఉంటోంది, జబ్బేమో అని ఒకరి బెంగ. తెల్లవారుజామున బోను పీకి పందిరి వేస్తోంది, పిచ్చెక్కిందేమో అని ఇంకొకరి బెంగ. ఇద్దరి కుందేళ్లూ ఆరోగ్యంగానే ఉన్నాయి. కుందేలు పగటి జంతువు కాదు, అచ్చంగా రాత్రి జంతువూ కాదు. దానిది రెండు సంధ్యల బతుకు. పొద్దు పొడిచే ముందు, పొద్దు గూకిన తర్వాత హుషారు. మధ్యాహ్నమంతా, నడిరాత్రి కొంతసేపు కునుకు. మనం పెంచే జాతులన్నిటికీ మూలమైన ఐరోపా అడవి కుందేలు పగలు బొరియలో దాక్కుని, మసక వెలుతురులో మేతకు బయటికొస్తుంది. బోనులో పుట్టి పెరిగినా ఆ గడియారం మారదు.

అసలు తెలుసుకోవాల్సింది "కుందేళ్లు ఎలా ఉంటాయి" అని కాదు, "నా కుందేలు మామూలుగా ఎలా ఉంటుంది" అని. అది తెలియనివాళ్లకు తేడా వచ్చిన రోజు కూడా తెలియదు.

కావాల్సినవి: నోటుపుస్తకం, పెన్సిల్, సెకన్లు చూపే గడియారం, గ్రాములు చూపే వంటింటి కాటా. కెమెరా పెట్టి, ఫోన్‌లో చూసుకుంటే సరిపోదా అంటారు. సరిపోదు. కెమెరాలో కుందేలు కదిలిందా లేదా అన్నదే తెలుస్తుంది. ముక్కు ఎంత వేగంగా ఆడుతోందో, కడుపు నేలకు ఎలా ఆనించిందో తెలియదు. మనకు కావాల్సింది అదే.

మొదటి మెట్టు: ఏడు రోజులు ఏమీ మార్చకండి. మేత వేళ, బోను చోటు, ఇంట్లో దీపాలార్పే సమయం అన్నీ ఎప్పటిలాగే ఉండాలి. కొత్తగా తెచ్చిన కుందేలైతే రెండు వారాలు ఆగి మొదలుపెట్టండి. బెదురులో ఉన్న కుందేలు చూపించేది దాని అసలు తీరు కాదు.

రెండో మెట్టు: రోజుకు ఐదుసార్లు చూడండి. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 7, రాత్రి 11. ఒక్కోసారి రెండు నిమిషాలు చాలు. కుర్చీలో కాదు, నేల మీద పక్కగా కూర్చోవాలి. కుందేలు కళ్లు తలకు రెండు వైపులా ఉంటాయి, చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కనిపించనిది ముక్కు ఎదురుగా ఉన్న కాస్త చోటే. అందుకే పై నుంచి వంగి మూతి ముందుకు చెయ్యి పెడితే ఉలిక్కిపడుతుంది. పై నుంచి పడే నీడంటే దానికి గద్దే.

చూసింది ఒక్క మాటలో రాయండి: తింటోంది, గెంతుతోంది, ముద్దగా కూర్చుంది, కాళ్లు చాపింది, పక్కకు పడుకుంది. వీటితోపాటు రోజూ రాత్రి వేసిన ఎండుగడ్డి తూకం, పొద్దున మిగిలిన గడ్డి తూకం. వారానికోసారి కుందేలు బరువు. ఇంతకు మించి రాయబోతే మూడో రోజుకే మానేస్తారు.

మూడో మెట్టు: భంగిమలు. ఇది తేలికే. ముందుకాళ్లు ఒంటి కింద ముడిచి ముద్దగా కూర్చుంటే కునికిపాటు. వెనక కాళ్లు బారుగా చాపి సాగిలబడితే నిశ్చింత. నిలబడిందల్లా ధబ్బున పక్కకు పడిపోయి పొట్ట చూపిస్తే గాఢనిద్రకు సిద్ధం. మొదటిసారి చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుంటారు. ఛాతీ చూడండి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిమిషానికి 30 నుంచి 60 శ్వాసలుంటే నిద్రే. నిద్రలో మీసాలు, కనురెప్పలు అదరడమూ మామూలే. చాలా కుందేళ్లు కళ్లు తెరిచే నిద్రపోతాయి కాబట్టి కళ్లను నమ్మొద్దు, ముక్కును నమ్మండి. మెలకువలో చకచకా ఆడే ముక్కు నిద్రలో నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఇక గాల్లోకి ఎగిరి నడుము మెలితిప్పి దిగడం మూర్ఛ కాదు, సంతోషం.

ఒంటిని నాకుతున్నట్టు తల కిందికి వంచి, మళ్లీ ఎత్తి నములుతోందంటే తన మెత్తటి పెంటికలు తింటోంది. నల్లగా, మెరుస్తూ, చిన్న ద్రాక్షగుత్తిలా ఉంటాయవి. ఎక్కువగా విశ్రాంతి వేళల్లోనే వస్తాయి. దానికి అవసరమైన పోషకాలు వాటిలో ఉంటాయి, తిననివ్వండి. అవి తినకుండా రోజూ నేల మీద వదిలేస్తుంటే గుళికల మేత ఎక్కువైందనో, ఒళ్లు పెరిగి నోరు అందడం లేదనో, నడుమో పళ్లో నొప్పి ఉందనో అనుమానించాలి.

నాలుగో మెట్టు: ముద్దగా కూర్చోవడం, ముడుచుకుపోవడం. అందరూ పొరబడేది ఇక్కడే, కుందేళ్లు చేజారేదీ ఇక్కడే. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. వేటకు చిక్కే జంతువు కాబట్టి నొప్పిని దాచుకుంటుంది, మూలగదు. "నిద్రపోతోంది, లేపకూడదు" అని మనం పక్కకు వెళ్లిపోతాం.

దగ్గరగా చూడండి. హాయిగా ఉన్న కుందేలు పిండిముద్దలా నేల మీద పరుచుకుని ఉంటుంది, బుగ్గలు గుండ్రంగా, చెవులు వదులుగా ఉంటాయి. నొప్పితో ఉన్నదానికి వీపు గూనిలా లేస్తుంది, బరువంతా ముందుకాళ్ల వేళ్ల మీద పడుతుంది. కొన్ని నిమిషాలకోసారి లేచి చోటు మారి, పొట్టను నేలకు అదిమి, మళ్లీ లేస్తుంది. నిద్రపోయే కుందేలు అలా చోట్లు మారదు. ముఖంలో చూడాల్సినవి ఐదు: కళ్లు చికిలించడం, బుగ్గలు చదునవడం, ముక్కు రంధ్రాలు కోసుగా మారడం, మీసాలు బిగుసుకోవడం, చెవులు మడతపడి వెనక్కి తిరగడం. 2012లో పశువైద్య పరిశోధకులు కుందేళ్ల నొప్పి కొలవడానికి ప్రచురించిన కొలమానంలో ఉన్నవీ ఈ ఐదే. ఒక్కటి కనిపిస్తే కంగారు పడొద్దు, రెండు మూడు కలిసి కనిపిస్తే వదలొద్దు.

పళ్ల చప్పుడు దగ్గరా తికమకే. నిమిరినప్పుడు దవడ సన్నగా వణుకుతూ వచ్చే మెత్తని టకటక ఇష్టానికి గుర్తు. ఎవరూ ముట్టుకోకుండా, ఒక మూల కూర్చుని గట్టిగా, ఆగి ఆగి పళ్లు నూరితే నొప్పి.

ఇంకా తేలకపోతే దానికి బాగా ఇష్టమైన ఆకు, కొత్తిమీర రెమ్మో మరోటో, మూతి పక్కగా పెట్టండి. నిద్రలో ఉన్నదైతే కాసేపట్లో ముక్కు ఆడించి, చెవి తిప్పి, అందుకుంటుంది. ముఖం తిప్పుకుంటే పెంటికలు చూడండి. ఎప్పుడూ గుండ్రంగా, పొడిగా వచ్చేవి చిన్నవైపోయినా, బాగా తగ్గినా పేగుల కదలిక మందగించిందన్నమాట. 10-12 గంటలు తిండీ పెంటికలూ లేకపోతే అది అత్యవసరం, రేపటిదాకా ఆగే పని కాదు. మనుషుల నొప్పి మాత్రలు వేయకండి. పొట్ట బిర్రుగా ఉబ్బి ఉంటే బలవంతంగా ఏదీ తాగించకండి, పేగులో అడ్డు ఉండొచ్చు. కుందేళ్లకు వైద్యం చేసిన అనుభవమున్న పశువైద్యుడి నంబరు ముందే నోటుపుస్తకం అట్ట మీద రాసి ఉండాలి. వెళ్లేటప్పుడు ఆ పుస్తకమూ, ఒక సంచిలో ఆ రోజు పెంటికలూ పట్టుకెళ్లండి.

నోరు తెరిచి శ్వాస తీస్తుంటే ఈ పరీక్షలేవీ వద్దు, వెంటనే బయల్దేరండి. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసుకునే జంతువు.

ఐదో మెట్టు: మీ వేళలను దానికి సర్దండి. బయటికి వదలడం మధ్యాహ్నం కాదు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి; మొత్తం కలిపి కనీసం మూడు నాలుగు గంటలు. "మధ్యాహ్నం వదిలితే కదలదేం" అని అడిగేవాళ్లకు ఇదే జవాబు. తెల్లవారుజామున చువ్వలు కొరుకుతుంటే లేచి మేత వేయకండి. మూడు రోజులు వేశారంటే నాలుగో రోజు నుంచి చువ్వలే మీ అలారం. రాత్రి పడుకునే ముందే గడ్డి నిండుగా పెట్టి, పొద్దుటి మేత ఒకే వేళకు, అది సద్దుమణిగాకే వేయండి.

గది 28 డిగ్రీలు దాటిన రోజుల్లో కుందేలు ఎక్కువగా చాపుకుని పడుకుంటుంది, గడ్డి తగ్గుతుంది. ఆ వారం లెక్కలను మామూలు లెక్కల్లో కలపకండి. ముసలి కుందేలు నిద్ర కూడా మెల్లగా పెరుగుతుంది కాబట్టి, ఐదారేళ్లు దాటాక ఈ ఏడు రోజుల లెక్క ఆరు నెలలకోసారి కొత్తగా రాసుకోవాలి.