స్టార్ట్ అయిన రెండు సెకన్లకే ఆగిపోతున్న పాత షెవర్లే: ముందు సెక్యూరిటీ లైటు చూడండి

తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంటుంది. హమ్మయ్య అనుకునేలోపే టక్కున ఆగిపోతుంది. ఎన్నిసార్లు తిప్పినా అదే వరస. డ్యాష్‌బోర్డు మీద 'సెక్యూరిటీ' అని రాసున్న చిన్న లైటు మాత్రం కొట్టుకుంటూ ఉంటుంది. అమెరికాలో చదువుకోవడానికి వచ్చి, చేతిలో ఉన్న డబ్బుకి దొరికిన పాత బండి కొనుక్కున్న మన పిల్లల్లో కొందరు దీంతో చాలా అవస్థ పడతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. చలిలో, క్లాసుకి టైమైపోతున్నప్పుడు ఈ లైటు అర్థం తెలిసి ఉంటే వందల డాలర్లు మిగులుతాయి.

ఇది జనరల్ మోటార్స్ వాళ్ల 'పాస్‌లాక్' అనే దొంగతనం నిరోధక ఏర్పాటు. షెవర్లే కావలియర్, 1997-2003 మాలిబు, 2000-2005 ఇంపాలా, పాంటియాక్ గ్రాండ్ యామ్, ఓల్డ్స్‌మొబిల్ అలెరో లాంటి బండ్లలో ఉంటుంది. మీ బండిలో ఉన్నది ఇదో కాదో తాళం చెవి చూస్తే తెలుస్తుంది. చెవి లోహం మధ్యలో నల్లటి చిన్న బిళ్ల కనిపిస్తే అది అంతకుముందు తరం. 1986లో కార్వెట్‌తో మొదలైన ఆ పద్ధతిలో రెసిస్టర్, అంటే కరెంటుని కొంత అడ్డుకునే చిన్న ముక్క, చెవిలోనే ఉంటుంది. చెవి మీద 'పీకే3' అని చెక్కి ఉంటే లోపల చిప్పు ఉన్నట్టు. ఏమీ లేని మామూలు చెవి, డ్యాష్‌లో సెక్యూరిటీ లైటు ఉంటే పాస్‌లాక్ అనుకోవచ్చు.

పాస్‌లాక్‌లో రహస్యం చెవిలో ఉండదు, తాళం గూట్లో ఉంటుంది. సరైన చెవితో తాళం సిలిండర్ (చెవితో పాటు తిరిగే భాగం) తిరిగినప్పుడు అందులోని అయస్కాంతం ఒక సెన్సర్ ముందు నుంచి వెళుతుంది. సెన్సర్ సన్నటి తీగ మీద ఒక నిర్ణీత వోల్టేజి పంపుతుంది. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటర్ దాన్ని తన దగ్గరున్న విలువతో పోల్చి, సరిపోతేనే ఇంజిన్ కంప్యూటర్‌కి పెట్రోలు వదలమని చెబుతుంది. ఆ మాట అందకపోతే ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మూసుకుంటాయి. అందుకే ఇంజిన్ ఒక్క క్షణం నడిచి చచ్చిపోతుంది. దొంగ స్క్రూడ్రైవర్‌తో సిలిండర్ పగలగొట్టి తిప్పినా ఇదే జరగాలని పెట్టిన ఏర్పాటు. ఇరవై ఏళ్లు తిరిగి తిరిగి సెన్సర్ అరిగిపోయినా, తీగ లోపల చిట్లినా యజమానిని కూడా దొంగ కిందే లెక్కేస్తుంది.

కాబట్టి పెట్రోలు పంపు జోలికి వెళ్లకముందు ఒక్క నిమిషం ఆగండి. స్టార్టర్ అసలు తిరగకపోయినా, కటకటమని శబ్దం మాత్రమే వచ్చినా ముందు బ్యాటరీ సంగతి చూడాలి. ఇంజిన్ బాగానే అందుకుని, లైటు కొట్టుకుంటూ, రెండు సెకన్లలో ఆగిపోతుంటే అనుమానం పాస్‌లాక్ మీదకే పోవాలి. తాళం 'ఆన్'లో పెట్టగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు సన్నగా 'జూం'మనే శబ్దం వినిపిస్తే పంపు తిరుగుతున్నట్టే. బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చూపించే కోడ్ రీడర్ ఉంటే పీ1626, పీ1631 కోసం చూడండి. బీ2960 కూడా దీనిదే, కానీ చవక రీడర్లు 'బీ' కోడ్లు చదవవు. ఏమీ చూపించలేదని ఏమీ లేదనుకోవద్దు.

మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఒక తమ్ముడి బండికి ఒక షాపులో పంపు మార్చారు. డబ్బులు పోయాయి, మూడో రోజుకి బండి మళ్లీ పార్కింగ్‌లోనే నిలబడింది. తెల్లవారుజామున నన్ను పిలిచాడు. చూస్తే లైటు కొట్టుకుంటోంది. ఇద్దరం కోట్లు వేసుకుని బండిలో కూర్చుని ఈ పని చేశాం.

హెడ్‌లైట్లు, బ్లోయర్, రేడియో అన్నీ ఆపేయండి. ఇంజిన్ నడవకుండా అరగంట తాళం ఆన్‌లో ఉంటుంది కాబట్టి బ్యాటరీలో సత్తువ ఉండాలి. అనుమానంగా ఉంటే చార్జర్ తగిలించుకోండి. తాళం తిప్పి స్టార్ట్ చేయబోండి, ఆగిపోగానే 'ఆన్'లోనే వదిలేయండి. తీయొద్దు, వెనక్కి తిప్పొద్దు. ఫోన్లో టైమర్ పెట్టుకుని లైటునే చూడండి. సుమారు పది నిమిషాలకి అది ఆరిపోతుంది. అప్పుడు తాళం పూర్తిగా 'ఆఫ్' చేసి పది సెకన్లు ఆగి, స్టార్ట్ చేయండి. ఒక్కోసారి ఈ ఒక్క దఫాతోనే బండి ఆగకుండా నడుస్తుంది.

మళ్లీ ఆగిపోతే సెన్సర్ విలువ మారిపోయినట్టు. అప్పుడు మొత్తం మూడు దఫాలు, అంటే అరగంట. ప్రతిసారీ అదే వరస: స్టార్ట్ ప్రయత్నం, ఆన్‌లో వదలడం, లైటు ఆరేదాకా పది నిమిషాలు, ఆఫ్‌లో పది సెకన్లు. మూడోసారి లైటు ఆరాక కూడా తప్పకుండా ఆఫ్ చేయాలి. ఆఫ్ నుంచి నేరుగా స్టార్ట్‌కి తిప్పినప్పుడే కంప్యూటర్ కొత్త విలువ నేర్చుకుంటుంది. చాలామంది తొందరపడి తప్పేది ఇక్కడే. మేము రెండో దఫా ఆరో నిమిషంలో ఉండగా వాడికి చేయి ఊరుకోలేదు, తాళం తిప్పేశాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఎక్కువ పట్టినా ఇంజిన్ అందుకుని అలాగే నడిచినప్పుడు వాడి మొహం చూడాల్సింది.

బ్యాటరీ తీసి పెడితే ఇది సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తీసి పెట్టినంత మాత్రాన కంప్యూటర్ కొత్త విలువ నేర్చుకోదు.

ఒకసారి వచ్చి నెలల తరబడి మళ్లీ రాకపోతే వదిలేయొచ్చు. వారంలో రెండుసార్లు వస్తే మాత్రం రీసెట్ చేసుకుంటూ కూర్చోకండి, సెన్సరో తీగో పోతున్నట్టే. తాళం తిప్పేటప్పుడు చెవిని కొంచెం అటూ ఇటూ కదిపితే లైటు తీరు మారుతోందా చూడండి. తాళం సిలిండర్ నుంచి వచ్చే సన్నటి తీగల్లో, మామూలుగా పసుపు రంగుది, మెలిక తిరిగే చోట చిట్లుతుంది. పెద్ద తాళాల గుత్తి వేలాడదీయకపోతే సిలిండర్ మీద బరువు తగ్గుతుంది.

నడుస్తుండగా లైటు వెలిగి ఆరకుండా నిలకడగా ఉంటే కంగారు పడొద్దు. బండి నడుస్తుండగా సెన్సర్ సిగ్నల్ తప్పినట్టు, ఆ స్థితిలో సిస్టమ్ తనంతట తాను పక్కకి తప్పుకుని మళ్లీ స్టార్ట్ అవనిస్తుంది. కాకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లడానికి అదే సమయం.

పసుపు తీగ కోసి రెసిస్టర్ అతికించి సెన్సర్‌ని దాటేయొచ్చని చెప్పేవాళ్లుంటారు. పని చేస్తుంది, కానీ ఆ బండికి ఇక దొంగల నుంచి రక్షణ ఉండదు. రాత్రంతా వీధిలో నిలిపే బండికి అలా చేయమని నేను చెప్పలేను. సెన్సర్ ఉన్న తాళం గూడు మార్పించండి. మార్చాక కొత్త సెన్సర్ విలువ వేరేగా ఉంటుంది కాబట్టి ఆ మూడు దఫాలూ మళ్లీ చేయాల్సిందే. షాపు నుంచి బయటికి వచ్చే ముందు అది చేశారా అని అడిగి, మీ ఎదురుగా రెండుసార్లు ఆఫ్ చేయించి స్టార్ట్ చేయించండి.