కింది కేటగిరీకి దిగే బాక్సర్లకు వేసవి జాగ్రత్తలు

మొన్న కర్నూలులో ఒక కుర్రాడు మిట్టమధ్యాహ్నం రెయిన్ కోటు తొడుక్కుని పరుగెత్తుతూ కుప్పకూలాడు. హెవీవెయిట్ బరువు కేటగిరీలో తనకంటే పెద్దవాళ్లతో పడలేక, ఎంపికల లోపు కింది కేటగిరీకి దిగాలని ముందు రోజు నుంచే నీళ్లు మానేశాడట. ప్రాణం దక్కింది. ఎండాకాలం ఎంపికలంటే చాలు, కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏదో ఒక చోటు నుంచి ఇలాంటి కబురు వస్తూనే ఉంది.

మౌత్ గార్డు మరవద్దు, చేతులకు బ్యాండేజీ సరిగా చుట్టుకోండి లాంటివి మీ కోచ్ చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. తూకం కోసం నీళ్లు మానకండి.

ఈ తప్పు ఎక్కువగా చేసేది హెవీలో చిన్నగా ఉండి, దెబ్బకు దొరక్కుండా ఆడే కుర్రాళ్లు. వాళ్ల ఆట చూసినవాళ్లంతా ‘కిందికి దిగితే నీకు తిరుగుండదు’ అని ఎక్కిస్తారు. ఆ మాటలోనే లెక్క తప్పింది. వంద కిలోల మనుషుల మధ్య మీరు వేగంగా కనిపిస్తున్నారంటే, అందులో సగం వాళ్ల నెమ్మదితనమే. ఎనభై కిలోల దగ్గర అందరూ వేగంగానే ఉంటారు. అక్కడ మీకు మిగిలే ఆధిక్యం ఒడ్డూ పొడుగే. నీళ్లు మానేసి దిగితే ఆ బలం కూడా మీతో రాదు.

అమెరికన్ బాక్సర్ క్రిస్ బర్డ్ సంగతి చూడండి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో 75 కిలోల విభాగంలో రజతం గెలిచాడు. తర్వాత బరువు పెంచుకుని హెవీవెయిట్‌కు వెళ్లి, తప్పించుకోవడమే ఆయుధంగా 2002లో మాజీ ప్రపంచ చాంపియన్ హోలీఫీల్డ్‌ను ఓడించి ఐబీఎఫ్ ప్రపంచ టైటిల్ అందుకున్నాడు. 2008లో మధ్యలో ఉండే క్రూయిజర్‌వెయిట్‌ను కూడా దాటేసి, ఏడు నెలల్లో సుమారు 16 కిలోలు తగ్గి 79.4 కిలోల లైట్ హెవీవెయిట్‌కు దిగాడు. షాన్ జార్జ్ అతన్ని మొదటి రౌండులోనే పడగొట్టి, తొమ్మిదో రౌండులో ముగించాడు. బర్డ్‌కు అప్పటికి 37 ఏళ్లు, వయసు పాత్రా ఉంది. అయినా ఏళ్ల తరబడి భారీ మనుషుల దెబ్బలు తప్పించుకున్నవాడు తనకంటే తేలికైన విభాగంలో తప్పించుకోలేకపోయాడన్నది గుర్తుంచుకోవాలి. మరో అమెరికన్ బాక్సర్ రాయ్ జోన్స్ 2003 మార్చిలో జాన్ రూయిజ్‌పై హెవీవెయిట్ టైటిల్ గెలిచి, అదే ఏడాది నవంబరులో మళ్లీ 79.4 కిలోలకు వచ్చాడు. ఆంటోనియో టార్వర్‌పై అతి కష్టం మీద గట్టెక్కాడు. 2004 మే నెలలో అదే టార్వర్ చేతిలో రెండో రౌండులో నాకౌట్ అయ్యాడు.

వాళ్లకు నెలల వ్యవధి ఉంది. ప్రొఫెషనల్ పోటీల్లో తూకం ముందు రోజే అయిపోతుంది, తేరుకోవడానికి ఒక రాత్రి దొరుకుతుంది. మన పోటీల్లో ఉదయం తూకం, అదే రోజు బౌట్. పోయిన నీళ్లు ఆ కొద్ది గంటల్లో ఒంటికి పట్టవు. గుండె అదనంగా కొట్టుకుంటుంది. చెమట పట్టక ఒళ్లు చల్లబడదు. తప్పించుకుని ఆడేవాడికి కళ్లూ కాళ్లే పెట్టుబడి, మొదట దెబ్బతినేవి అవే. ఇలా ఎండిపోయి రింగులోకి వచ్చిన కుర్రాణ్ణి దగ్గర నుంచి చూడండి. పెదవుల మూలల్లో తెల్లటి నురగ, పగిలిన కింది పెదవి. ఎదుటివాడి జాబ్ (ముందు చేత్తో సూటిగా విసిరే దెబ్బ) బయల్దేరడం కనిపిస్తూనే ఉంటుంది, తల మాత్రం పక్కకు జరగదు.

దిగాలనే ఉంటే రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. వారానికి అర కిలో, మహా అయితే కిలో. అది కొవ్వు నుంచి పోవాలి. సంగటి ముద్ద చిన్నది చేయండి, బజ్జీలు, స్వీట్లు ఆపండి, పప్పూ గుడ్లూ ఆపకండి. పద్దెనిమిది నిండని పిల్లలు దిగే ఆలోచనే చేయవద్దు, ఇంకా ఎదిగే ఒళ్లు అది. తల్లిదండ్రులు ఈ మాట కోచ్‌తో ముఖాముఖి మాట్లాడాలి.

ఎండలో రెయిన్ కోటు, ప్లాస్టిక్ షీటు వద్దు.
చూయింగ్ గమ్ నములుతూ సీసాలోకి ఉమ్మడం వద్దు.
మూత్రం పోయే మాత్రలు ముట్టుకోవద్దు. ప్రమాదం ఒకటైతే, డోపింగ్ నిషేధిత జాబితాలో ఉన్నాయి కాబట్టి దొరికితే ఆటే పోతుంది.
నీళ్లు మానకండి.
పదకొండు నుంచి నాలుగు దాకా బయట పరుగు లేదు.
మూత్రం ముదురు పసుపైతే ఆ రోజు స్పారింగ్ (సాధన బౌట్) లేదు.
తూకానికి రెండు రోజుల ముందు రెండు కిలోలు ఎక్కువున్నారా? పై కేటగిరీలో పేరు ఇవ్వండి. ఓడితే ఓడారు.
‘వంద గ్రాములేగా’ అనేవాళ్ల మాట వినకండి. 2024 పారిస్‌లో రెజ్లర్ వినేశ్ ఫొగాట్ వెంట వైద్యులున్నారు, రాత్రంతా శ్రమించారు. ఆ వంద గ్రాములు తగ్గలేదు, ఆమె ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది.
నీళ్లు మానకండి. మీ కోచ్ మానమన్నా సరే.
ఒంటరిగా బరువు తగ్గించే కసరత్తు చేయవద్దు.
తోటివాడు తడబడుతూ మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అదే తగ్గుతుందిలే అని వేచి చూడకండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోయండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర మంచు పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. ఒకరు నీళ్లు పోస్తుండగానే ఇంకొకరు 108కి ఫోను చేయండి.