సొంత లారీ సంరక్షణ: నాలుగవ పాఠం – గాలి బ్రేకులు, పెడల్ చెప్పని సంగతులు

గడచిన మూడు పాఠాలలో ఇంజన్ ఆయిల్, కూలెంట్, టైర్ల గురించి చదువుకున్నాము. వాటిలో ఏది చెడినా లారీ ఆగిపోతుంది. ఈ పాఠంలోని భాగం చెడితే లారీ ఆగదు. అందుకే దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. చదివిన తరువాత చేయవలసిన పనికి ఒక గంట సమయం, ఒక స్కేలు, ఒక సుద్దముక్క, బ్రేకు తొక్కి పట్టుకునేందుకు ఒక మనిషి కావాలి.

కారు నడిపి లారీలోకి వచ్చినవారు మొదట ఒక అలవాటు మానుకోవాలి. కారులో పెడల్ కింద నూనె ఉంటుంది. బ్రేకులు అరిగినా, గొట్టంలో గాలి చేరినా, పెడల్ లోతుకు పోవడమో మెత్తబడడమో జరిగి పాదానికి కబురు అందుతుంది. లారీలో పెడల్ కింద ఉన్నది ఒక వాల్వు, దానిలో ఒక స్ప్రింగు. మీ పాదానికి తగిలే బిగువు ఆ స్ప్రింగుదే తప్ప చక్రం దగ్గరున్న బ్రేకుది కాదు. ఆరు చక్రాలలో నాలుగింటికి బ్రేకు సరిగా పట్టకపోయినా పెడల్ మునుపటిలాగే ఉంటుంది. లారీ కొన్న తొలి రోజుల్లో నాకు ఈ సంగతి తెలియదు. పెడల్ గట్టిగా ఉంది కనుక బ్రేకులు బాగున్నాయనుకుని నిండు బరువుతో ఒక పొడవాటి దిగుడులోకి దిగాను. సగం దూరం వచ్చేసరికి ఎంత తొక్కినా వేగం తగ్గడం మానేసింది. రోడ్డు అంచున ఎదురు ఎత్తు ఉన్న మట్టిదారి కనబడబట్టి బతికాను. కిందికి దిగి చూస్తే చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ములలో రెండింటి నుంచి పొగ వస్తోంది, మిగిలినవి చేయి పెట్టగలిగేంత చల్లగా ఉన్నాయి. ఆ చల్లని డ్రమ్ములే అసలు దోషులు. అవి పని ఎగ్గొట్టిన భారమంతా వేడెక్కిన రెండింటి మీద పడింది.

గాలి ప్రయాణాన్ని క్లుప్తంగా చూద్దాము. ఇంజన్‌తో పాటు తిరిగే కంప్రెసర్ గాలిని కుదించి ట్యాంకులకు పంపుతుంది. చాలా లారీలలో పీడనం 120 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటగానే, అంటే సుమారు 8 బార్ రాగానే, గవర్నర్ అనే చిన్న భాగం నింపడాన్ని ఆపిస్తుంది. 100 పీఎస్ఐ దగ్గరికి దిగితే మళ్లీ మొదలుపెట్టిస్తుంది. మీ బండి అంకెలు కొంత వేరుగా ఉండవచ్చు, తయారీదారు పుస్తకంలో చూసి రాసుకోండి. కుదించిన గాలి చల్లబడితే దానిలోని తేమ నీరుగా మారుతుంది కనుక, గాలిలోని తేమను పీల్చే డ్రయ్యర్ ఉన్న బండి అయినా సరే, ట్యాంకుల అడుగున ఉండే చిన్న కుళాయిలను క్రమం తప్పకుండా తిప్పి నీరు వదలాలి. నీటితో పాటు పాల రంగు నురగ వస్తే కంప్రెసర్ నుంచి ఆయిల్ గాలిలోకి పోతోందని అర్థం.

గాలి లీకును చిన్న విషయంగా తీసుకునేవారు చాలామంది ఉంటారు, కంప్రెసర్ నింపుతూనే ఉంది కదా అని. కానీ లీకు ఉన్న బండిలో కంప్రెసర్‌కు విశ్రాంతి ఉండదు. విశ్రాంతి లేనిది వేడెక్కుతుంది, వేడెక్కినది ఆయిల్‌ను గాలిలోకి తోస్తుంది, ఆ ఆయిల్ డ్రయ్యర్‌లోని తేమ పీల్చే మందు మీద పొరలా పేరుకుంటుంది, ఆ తరువాత తేమ నేరుగా వాల్వుల దాకా వెళ్లి రబ్బరును పాడు చేస్తుంది. ఒక గొట్టం చివర వదులైన నట్టు ఇంత పని చేస్తుంది. పరీక్ష కూడా సులువే. చక్రాలకు చెక్కలు వేసి, ట్యాంకులు నింపి, ఇంజన్ ఆపి, పార్కింగు బ్రేకు వదిలి గేజి చూడండి. ట్రైలర్ లేని లారీలో నిమిషానికి 2 పీఎస్ఐ కంటే ఎక్కువ దిగకూడదు. పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుని, తొలి తగ్గుదల అయిన తరువాత మళ్లీ ఒక నిమిషం చూస్తే 3 లోపు ఉండాలి. ట్రైలర్ తగిలించి ఉంటే ఈ రెండు అంకెలకూ ఒక్కొక్కటి కలుపుకోవచ్చు.

అక్కడే తాళం తిప్పి ఉంచి, ఇంజన్ ఆపి, పెడల్‌ను వరుసగా తొక్కుతూ పొండి. పీడనం 60 పీఎస్ఐకి దిగేలోపే హెచ్చరిక దీపమో బజ్జరో పనిచేయాలి. ఇంకా తొక్కితే 45 నుంచి 20 మధ్యలో పార్కింగు బ్రేకు తనంతట తానే పడాలి. గాలి పోతే బ్రేకు పట్టడం అనే ఈ ఏర్పాటు వెనుక పాత ఆలోచన ఉంది. జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్లకు గాలి బ్రేకు పేటెంటు పొందినప్పుడు గొట్టం తెగితే బ్రేకే లేకుండా పోయేది. 1872లో ఆయన దానిని తిరగవేసి, గొట్టంలో పీడనం పడిపోతే బ్రేకు తానే పట్టేటట్లు మార్చాడు. లారీలో ఆ పని చేసేది వెనుక చక్రాల చాంబర్లలో, అంటే గాలి బలంతో బ్రేకును నడిపే గుండ్రటి డబ్బాలలో, అణచి ఉంచిన బలమైన స్ప్రింగు. గాలి ఉన్నంతసేపు అది ముడుచుకుని ఉంటుంది, గాలి పోగానే విచ్చుకుంటుంది. ఆ చాంబర్ మూతను మీ చేతులతో ఎన్నడూ విప్పవద్దు. లోపలి స్ప్రింగు ఎగిరితే మనిషి ప్రాణం పోతుంది. పాడైతే మొత్తం చాంబర్‌ను మార్పించడమే మార్గం.

ఇప్పుడు స్కేలు తీయండి. ఈ పాఠంలో అసలు పని ఇదే.

బ్రేకు తొక్కినప్పుడు చాంబర్‌లోని రబ్బరు పొర ఒక కడ్డీని బయటికి నెడుతుంది. దానిని పుష్ రాడ్ అంటారు. అది స్లాక్ అడ్జస్టర్ అనే చేతిని నెడితే, ఆ చేయి ఇంగ్లిషు ఎస్ అక్షరం ఆకారంలో ఉన్న క్యామ్‌ను తిప్పుతుంది, క్యామ్ రెండు షూలనూ, అంటే రాపిడి లైనింగు ఉన్న వంపు ముక్కలనూ, డ్రమ్ముకు ఒత్తుతుంది. సాధారణంగా కనిపించే 30 నంబరు చాంబర్‌లో పొర వైశాల్యం 30 చదరపు అంగుళాలు. 100 పీఎస్ఐ దగ్గర అది నెట్టే బలం 3,000 పౌండ్లు, అంటే దాదాపు 1,360 కిలోలు. ఈ బలం కడ్డీ ప్రయాణం పొడవునా ఒకేలా ఉండదు. మామూలు 30 నంబరు చాంబర్‌లో కడ్డీ మొత్తం రెండున్నర అంగుళాలు బయటికి రాగలదు. రెండు అంగుళాలు, అంటే 51 మిల్లీమీటర్లు దాటిన తరువాత బలం వేగంగా పడిపోతుంది, చివరికి పొర గోడకు ఆనుకుని ఆగిపోతుంది. కనుక 51 మిల్లీమీటర్లే హద్దు. లాంగ్ స్ట్రోక్ చాంబర్లకు హద్దు ఎక్కువ, వాటికి గుర్తుగా గాలి గొట్టం బిగించే చోట చతురస్రపు బొడిపెలు ఉంటాయి.

హద్దులో లేకపోతే ఏమవుతుందో నా దిగుడు అనుభవమే చెబుతుంది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు 50 మిల్లీమీటర్లు చూపిన కడ్డీ కొండ దిగే సమయానికి తన ప్రయాణాన్నంతా ఖర్చు చేసుకుంటుంది. చదునైన రోడ్డు మీద చక్కగా ఆగే బండి అవసరం పడిన చోటనే చేతులెత్తేయడానికి కారణం ఇది.

కొలిచే పద్ధతి ఇలా ఉంటుంది. బండిని సమతలంపై నిలిపి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు వేసి, ట్యాంకులో 90 నుంచి 100 పీఎస్ఐ ఉండగా ఇంజన్ ఆపి, పార్కింగు బ్రేకు వదలండి. ప్రతి పుష్ రాడ్ మీదా, అది చాంబర్ నుంచి బయటికి వచ్చే చోట, సుద్దతో గీత పెట్టండి. మీ సహాయకుడిని పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోమని చెప్పి, గీత చాంబర్ నుంచి ఎంత దూరం జరిగిందో కొలవండి. ఆ తరువాత పెడల్ వదిలించి, అడ్జస్టర్ చేతిని చిన్న ఇనుప కడ్డీతో లాగి, షూలు డ్రమ్మును తాకే వరకు పుష్ రాడ్ ఎంత వచ్చిందో కూడా కొలవండి. ఈ రెండవ కొలత 12 నుంచి 19 మిల్లీమీటర్ల మధ్య ఉండడం సాధారణం.

చాలామంది మొదటి కొలతతో ఆగిపోతారు. నా దృష్టిలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడంలోనే పనితనం ఉంది. రెండూ ఎక్కువగా ఉంటే షూలకూ డ్రమ్ముకూ ఎడం పెరిగింది, అంటే అడ్జస్టర్ తన పని చేయడం లేదు. రెండవది సరిగా ఉండి మొదటిది మాత్రమే ఎక్కువగా ఉంటే తొక్కినప్పుడు మధ్యలో ఏదో వంగుతోందో కదులుతోందో చూడాలి: అరిగిన క్యామ్ బుష్షు, పగిలిన బ్రాకెట్టు, పలచబడిన డ్రమ్ము. ఇటువంటి బండికి ఎన్నిసార్లు బిగించినా ప్రయోజనం ఉండదు.

పాతకాలపు చేతి అడ్జస్టర్ అయితే, పార్కింగు బ్రేకు వదిలి ఉండగా షూలు డ్రమ్మును తాకే వరకు బోల్టు బిగించి, పావు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పితే సరిపోతుంది. బిగిస్తున్నప్పుడు క్యామ్ బ్రేకు పట్టేటప్పుడు తిరిగే వైపే తిరగాలి. ఎదురు తిరుగుతుంటే మీరు వదులు చేస్తున్నారు. ఆటోమేటిక్ అడ్జస్టర్ విషయంలో నేను ఏళ్ల తరబడి తప్పు చేశాను. కడ్డీ ప్రయాణం పెరిగినప్పుడల్లా స్పానర్ పట్టుకుని బిగించేవాడిని. నెల తిరగకుండా మళ్లీ పెరిగేది. చివరికి ఒక ముసలి మెకానిక్ అడ్జస్టర్‌ను పుష్ రాడ్‌కు కలిపే పిన్ను తీసి చూపించాడు. అది తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. తానంతట తాను సర్దుకోవలసిన భాగానికి కదలిక అందడమే లేదు, నేనేమో రోగాన్ని చూడకుండా జ్వరానికి తడిగుడ్డ వేస్తున్నాను. ఆటోమేటిక్ అడ్జస్టర్ హద్దు దాటిందంటే చేత్తో బిగించడం మరమ్మతు అనిపించుకోదు. గ్రీజు, పిన్ను, బుష్షు, బ్రాకెట్టు చూడాలి, అన్నీ బాగుంటే అడ్జస్టర్‌ను మార్చాలి. ఒకే యాక్సిల్‌కు రెండు వైపులా ఒకే రకం ఉంచాలి.

గ్రీజు కొట్టేటప్పుడు క్యామ్ గొట్టంలోకి వెళ్లిన కొత్త గ్రీజు అడ్జస్టర్ వైపు బయటపడాలి. చక్రం వైపు వస్తే సీలు పాడైంది, ఆ గ్రీజు లైనింగుకు అంటితే ఆ చక్రం బ్రేకు పోయినట్టే. షూ లైనింగు పలచబడి 6 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే మార్చే రోజు వచ్చింది. ఆయిల్ తడిసిన లైనింగును మాత్రం మందం ఎంత ఉన్నా కడిగి వాడకండి.

ఈ వారం అభ్యాసం: నోటు పుస్తకంలో ఒక్కో చక్రానికి ఒక్కో వరుస వేసి, తేదీ, కిలోమీటర్ల అంకె, రెండు కొలతలు రాయండి. రెండు వారాల తరువాత అదే పని మళ్లీ చేయండి. ఒకే యాక్సిల్‌పై కుడి ఎడమల మధ్య 6 మిల్లీమీటర్లకు మించి తేడా కనిపించిన వరుస కింద గీత గీసి ఉంచండి. వచ్చే పాఠంలో హబ్బు, బేరింగులు విప్పేటప్పుడు మొదట ఆ చక్రాన్నే తీసుకుందాము.